గులాబీరంగు కొట్టేసిన మా బావ

మా బావ చేతికి ఏ వస్తువిచ్చినా ముందు తూకం వేస్తాడు. మా అక్క కాఫీ కప్పు అందిస్తే దాన్ని కూడా అరచేతిలో పైకీ కిందికీ ఒకసారి ఆడించి, "నిన్నటికన్నా ఓ గుక్క తక్కువ" అంటాడు. తప్పు అతనిది కాదు, ఉద్యోగానిది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఖనిజాల ప్రదర్శనశాలలో సొరుగుల గదికి కాపలా, లెక్కా, దిక్కూ అన్నీ అతనే. మూడు వేల పైచిలుకు రాళ్ళు. ప్రతి రాయికీ ఓ నంబరు, ప్రతి నంబరుకూ రిజిస్టరులో ఓ వరుస: పేరు, బరువు, కొలతలు, రంగు, ఎవరిచ్చారు. ఏడాదికోసారి ఒక్కో రాయినీ త్రాసులో పెట్టి, రిజిస్టరుతో సరిచూసి, పక్కన టిక్కు పెడతాడు. దీన్ని హాజరు తీసుకోవడం అంటాడు. రాళ్ళు పలకవు కాబట్టి వాటి తరఫున మనసులో తనే "ఉన్నానండీ" అనుకుంటాడని నా అనుమానం.

నేనక్కడే చీటీలు రాస్తాను. అద్దాల బీరువాలో రాయి ముందు చిన్న అట్టముక్క నిలబడి ఉంటుంది చూశారూ, అది నా చేతి చలవ. బావ పొద్దున్నే వచ్చి "రాయి" అంటాడు. "ఏ రాయి?" అంటాను. "ఏ రాయో కాదు, చీటీ రాయి" అంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే జోకు. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ నవ్వు రాదు. ఈమధ్య మాకూ రావడం లేదు, కాని మానేస్తే ఏదో రాయి తప్పిపోయినట్టుంటుందని కొనసాగిస్తున్నాం.

అలాంటి మనిషి మీద దొంగతనం పడింది. అదీ అతని చేతిరాతే సాక్ష్యంగా.

పదకొండేళ్ళ కిందట ఓ పెద్దావిడ, భర్త పోయాక, ఆయన కూడబెట్టిన రాళ్ళన్నిటినీ మా ప్రదర్శనశాలకిచ్చేసింది. ఆయన గనుల్లో సర్వేయరుగా చేసినవాడు. అందులో పిడికిలంత రాయి ఒకటి లేత గులాబీలో చిటికెడు ఊదా కలిపినట్టుండేది. బావ దాన్ని తూచి, "సోడలైట్, నాలుగువందల పన్నెండున్నర గ్రాములు, లేత గులాబీ" అని రాసి, దూది పరిచిన సొరుగులో పెట్టి మూసేశాడు. అద్దాల బీరువాల్లో అప్పుడు చోటు లేదు.

ఈ ఏడాది కొత్త అధికారి వచ్చాడు. తపాలా బిళ్ళల ప్రదర్శనశాల నుంచి బదిలీ అయినవాడు. మంచివాడే, కాని రాయిని కూడా అంచులు చిరిగాయేమో అన్నట్టు చూస్తాడు. వస్తూనే "నమ్మి ఇచ్చినవాళ్ళ వస్తువులు చీకట్లో మగ్గిపోతుంటే ఎలాగండీ" అని దక్షిణపు కిటికీ పక్కన కొత్త బీరువా చేయించాడు. సరిగ్గా అప్పుడే బావ కంటిపొర ఆపరేషనుకి సెలవు పెట్టాడు. ఒక్కో రాయికీ ఓ చిన్న చెక్కపీట చేసి, మైనంతో అతికించి, సర్ది వెళ్ళినవాళ్ళు వడ్రంగులు. చీటీలు రాసినవాణ్ణి నేను. రాయిని చూసి రాయలేదు, రిజిస్టరు చూసి రాశాను: "సోడలైట్. లేత గులాబీ రంగు." రాళ్ళు చూసి రాయడం మొదలుపెడితే చీటీలు ఎప్పటికి తెమిలేవి!

బావ రెండు కళ్ళూ కడిగిన అద్దాల్లా చేయించుకుని తిరిగొచ్చి, హాజరు మొదలుపెట్టాడు. కిటికీ బీరువాలో ఆ రాయి దగ్గరికొచ్చేసరికి, పీటతో సహా తూచి, అడుగున వడ్రంగులు రాసిపెట్టిన పీట బరువు తీసేస్తే, తూకం సరిపోయింది. కొలతలు సరిపోయాయి. రంగు మాత్రం బూడిద కలిసిన తెలుపు. ఇంకొకరైతే కేక పెట్టేవారు. బావ కుర్చీ లాక్కుని కూర్చుని ఆలోచించాడు. త్రాసు అబద్ధమాడదు. రాయి అబద్ధమాడదు. ఇక మిగిలింది తన పాత కన్ను. పదకొండేళ్ళ కిందటే పొర కమ్మడం మొదలై ఉంటుంది, తెల్లరాయిని గులాబీ అని రాసి, ఏటా హాజరులోనూ గులాబీగానే చూసి ఉంటాను అని తీర్మానించుకున్నాడు. రిజిస్టరు తెరిచి, "లేత గులాబీ" మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పైన "బూడిద తెలుపు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. చీటీ సంగతి నాకు చెబుదామనుకుంటూనే కంట్లో చుక్కలు వేసుకునే వేళయి మరిచిపోయాడు. అలా కంటికి పొర పోయి, రిజిస్టరులో పొరపాటు మిగిలింది.

సోమవారం పెద్దావిడ వచ్చింది. కొత్త బీరువాలో తన భర్త రాళ్ళు పెట్టారని తెలిసి, చేతికర్ర తాటించుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఒక్కో రాయి ముందూ ఆగి, పలకరిస్తున్నట్టు తలాడిస్తూ వచ్చి, ఈ రాయి ముందు మాత్రం తలాడించడం మానేసింది.

"ఇది మా రాయి కాదు" అంది.

"మీదేనండీ పెద్దమ్మగారూ. నంబరు చూడండి" అన్నాడు బావ.

"నంబరు మీరేసింది. రాయి ఆయన తెచ్చింది. చీటీ మీద గులాబీ అని రాసి వెనకాల బూడిదగడ్డ పెడితే, చీటీ చదువుకుని మురిసిపోవాలా?"

"బరువు కూడా గ్రాముతో సహా సరిపోయిందండీ."

"బరువు చూసి గుర్తుపట్టడానికి అదేమన్నా బియ్యం బస్తానా?"

గొంతులు విని అధికారి వచ్చాడు. రిజిస్టరు తెప్పించి, వరుస వెతికి, ఎర్రగీత మీద వేలుపెట్టి ఆగాడు.

"ఈ గులాబీరంగు మీరే కొట్టేశారా?"

"నేనే కొట్టేశానండి" అన్నాడు బావ, ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు కొద్దీ.

పెద్దావిడ కర్రతో నేలమీద ఒక్కటి పొడిచింది. "విన్నారుగా! తనే ఒప్పుకున్నాడు."

మామూలు రోజయితే ఈ మాటమీద నేను వారం రోజులు బతికేవాణ్ణి. ఆ రోజు మాత్రం నేను రాసిన చీటీనే మళ్ళీ చదువుకున్నాను. మార్చిన రాయికి తగ్గట్టు రిజిస్టరు మార్చినట్టు, చీటీ మార్చడం మరిచి దొరికిపోయినట్టు, అంతా అచ్చం దొంగ కథలాగే ఉంది.

అధికారి గొంతు తగ్గించాడు. "మీ మీద నాకు అనుమానం లేదండీ. కాని ఈ కాగితం మీద ఉంది. శుక్రవారం ఆవిణ్ణి మళ్ళీ రమ్మంటాను. ఆలోగా రాయయినా దొరకాలి, జవాబయినా దొరకాలి. రెండూ లేకపోతే నేను పైకి రాయక తప్పదు. అప్పటిదాకా తాళాలు నా దగ్గరుంచండి."

బావ నడుముకున్న గుత్తి విప్పి బల్లమీద పెట్టాడు. తాళాలు ఇచ్చేశాడు కాని తాళలేకపోయాడు. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. ఇన్నేళ్ళలో అతని గదిలోంచి ఇసకరేణువు కూడా బయటికి పోలేదు. బరువు సరిపోయింది, పరువే సరిపోలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ కాఫీ కప్పు తూచకుండా తాగేశాడ్రా. నాకు భయమేస్తోంది."

మంగళవారం అధికారి, "పీటతో కాదు, రాయిని విడిగా తూచి చూపించండి" అన్నాడు. బీరువా తనే తెరిచి, రాయిని మాకిచ్చి, తన గదికి వెళ్ళాడు. నేను పీట పట్టుకున్నాను. బావ పలచటి కత్తితో మైనాన్ని అంచు వెంబడి లేపాడు. రాయి టక్కున ఊడి అరచేతిలో బోర్లాపడింది.

అడుగున, పీట గుంటలో ఇన్నాళ్ళూ కూర్చున్నంత మేర, గులాబీ! చిటికెడు ఊదా కలిపిన లేత గులాబీ, బిళ్ళంత వెడల్పున.

"ఒరేయ్ బామ్మర్దీ!" బావ రాయిని నా మొహం దగ్గరికి తెచ్చాడు. "నా కన్ను మంచిదేరా! పాత కన్నూ మంచిదే!"

"పద బావా, పద, చూపిద్దాం!"

అధికారి గది పెరటివైపు. మధ్యలో పొడుగాటి వరండా, ఆ వేళకి నిండా ఎండ. బావ రాయిని గులాబీ వైపు పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకెళ్తున్నట్టు నడిచాడు. నేను ముందు పరిగెత్తి తలుపు తీశాను. అధికారి ఫోన్లో ఉన్నాడు, ఆగమని చెయ్యి చూపించాడు. కిటికీ పక్కన ఆగాం. ఫోన్ పెట్టేసి "ఏమిటండీ?" అన్నాడు. బావ చెయ్యి చాపాడు.

అరచేతిలో బూడిదగడ్డ. పైనా, కిందా, పక్కలా.

"ఇప్పుడే ఉందండీ" అన్నాడు బావ.

"ఏది?"

"గులాబీ."

"ఎక్కడికెళ్ళింది?"

"దారిలో వెలిసిపోయిందండీ" అన్నాను నేను. దేవుడు వెలిస్తే నలుగురికీ కనిపిస్తాడు, రంగు వెలిస్తే కనిపించకుండా పోతుంది. ఏం భాష మనది!

అధికారి నావైపు చూళ్ళేదు. బావని జాలిగా చూసి, "ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగాడు. రాయిని కవరులో పెట్టి, కవరు మీద ముద్ర వేసి, తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ముద్ర వెయ్యడంలో మాత్రం ఆయన చెయ్యి తిరిగినవాడే.

బావని వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ కాలేజీలో స్ఫటికాల పాఠం చెబుతుంది. ఇంట్లో ఏ మూల చూసినా పుల్లలూ రంగు బంతులూ గుచ్చిన బొమ్మలే. ఒకసారి ఆక్సిజన్ బంతి మీద కాలేసి నేను మూడు రోజులు కుంటుతూ నడిచాను. జరిగిందంతా చెబితే, ముందు నవ్వింది. వరండా దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపింది.

"ఎండ తగిలాకే పోయిందా అన్నయ్యా? సరిగ్గా చెప్పండి."

"గదిలో ఉందమ్మా. వరండా దాటేసరికి లేదు."

"అయితే అది సోడలైట్‌లోనే వేరే రకం. హ్యాక్మనైట్ అంటారు." బల్లమీద పుస్తకాలు పక్కకి నెట్టి, పుల్లలతో కట్టిన ఓ పంజరం తెచ్చి పెట్టింది. ఆరు చతురస్రాలు, ఎనిమిది షడ్భుజాలు కలిసిన గుండ్రటి పంజరం. "రాయంతా ఇవే, గోడకి గోడ ఆనించి. ఈ మూల సిలికాన్, ఆ మూల అల్యూమినియం, వంతులవారీగా. మధ్యలో ఆక్సిజన్లు చేతులు పట్టుకుని ఉంటాయి. ఒక్కో పంజరంలో ఓ క్లోరిన్, దాని చుట్టూ నాలుగు సోడియాలు."

"ఇంటాయన, నలుగురు కాపలావాళ్ళు" అన్నాను.

"సరే, అలాగే అనుకోండి. కొన్నిట్లో ఇంటాయన ఉండడు, ఇల్లు ఖాళీ. ఇంకొన్నిట్లో క్లోరిన్‌కి బదులు గంధకం జంట కాపురముంటుంది. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడితే, ఆ గంధకం ఇంట్లోంచి ఓ ఎలక్ట్రాన్ లేచిపోయి ఖాళీ ఇంట్లో కూర్చుంటుంది."

"అలిగి?"

"అలిగే. అక్కడ కూర్చుని పచ్చ, పసుపు వెలుగుని మింగుతుంది. మింగగా మిగిలిన వెలుగు మనకి గులాబీగా కనిపిస్తుంది. మామూలు వెలుగు తగిలితే దానికి కదలిక వచ్చి సొంతింటికి పోతుంది. రంగూ పోతుంది. ఎండలో రెండూ ఉన్నా, ఈ మామూలు వెలుగుదే పైచేయి. చీకట్లో కదిపేవాళ్ళు లేరు కనక, ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుంటుంది."

"అచ్చం నువ్వే. అలిగి పక్కగదిలో కూర్చుంటే మొహం గులాబీ అవుతుంది."

"నేను పక్కగదిలో కూర్చునేది మీ జోకులు వినబడకుండా."

బావ మా గొడవ వినడం లేదు. పంజరంలోకి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "అంటే అమ్మా, నేను మొదటిసారి రాసిందీ తప్పు కాదు, రెండోసారి రాసిందీ తప్పు కాదు."

"రెండూ ఒప్పే అన్నయ్యా. కొట్టేయడం ఒక్కటే తప్పు."

"మరి మళ్ళీ వస్తుందా?"

మా ఆవిడ పంజరాన్ని తనవైపు లాక్కుంది. "హ్యాక్మనైటే అయితే రావాలి. కొలిమిలో పెట్టినంత గట్టిగా ఎవరూ కాల్చకుండా ఉంటే రావాలి. కాని నేను ఆ రాయిని చూడలేదుగా. మీ చీకటి గదిలో దీపముంది, దాన్ని అడగాలి."

ప్రదర్శనశాలలో ఓ చిన్న చీకటి గది ఉంది. మామూలు వెలుగులో మామూలుగా ఉండి, అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా, నీలంగా మెరిసే రాళ్ళు అక్కడ ఉంటాయి. వచ్చినవాళ్ళు మీట నొక్కి, అద్దంలోంచి చూసి, "అబ్బ" అని వెళ్తారు. బుధవారం అధికారిని అడిగాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ముద్ర వేసిన కవరు ఆవిడ ముందే తెరవాలండీ. లేకపోతే మీరే ఏదో పూశారంటారు." మాటలో న్యాయం ఉంది. అందుకే బాధేసింది. తెలిసిందల్లా మా ఆవిడ చెప్పిన "అయితే" మీద వేలాడుతోంది, దాన్ని పరీక్షించే దారి లేదు. రెండు రోజులు బావ తాళాల్లేని నడుమును తడుముకుంటూ వరండాలో తిరిగాడు. చీటీ రాయమని అడగనైనా లేదు.

శుక్రవారం పది గంటలకి చీకటి గదిలో ఐదుగురం ఇరుక్కుని నిలబడ్డాం. మా ఆవిడ అందరికీ ఆ దీపం నుంచి కళ్ళని కాపాడే అద్దాలు పంచింది. అధికారి పెద్దావిడకి ముద్ర చూపించి కవరు చింపాడు. బూడిదగడ్డ బయటికొచ్చింది.

"ఇదే కదా, నేను కాదన్నది" అంది పెద్దావిడ.

"ఇదేనండీ. ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి" అంది మా ఆవిడ. "అన్నయ్యా, మీరే నొక్కండి."

బావ రాయిని దీపం కింద పెట్టి, అద్దం మూసి, గది లైటు ఆర్పి, మీట నొక్కాడు.

రాయి నారింజరంగులో వెలిగింది. ఊదితే రాజుకున్న నిప్పులా, లోపల్నించి.

"అయ్యో, కాలిపోతోంది!" పెద్దావిడ బావ చెయ్యి పట్టుకుంది.

"కాలడం లేదండీ, ఇది వేడి లేని వెలుగు" అంది మా ఆవిడ. కాని తనూ అద్దానికి దగ్గరగా జరిగింది. నారింజరంగులో మెరవడం వేరు, గులాబీ రావడం వేరు. దీపమార్పితే గాని రెండోది తేలదు. అధికారి గడియారం చూస్తున్నాడు. ఐదు నిమిషాల్లో ఎన్ని సెకన్లుంటాయో నాకు ఆ రోజే తెలిసింది.

బావ మీట తీసి గది లైటు వేశాడు.

అద్దం వెనక, పీట లేకుండా, చీటీ లేకుండా, లేత గులాబీ రాయి. చిటికెడు ఊదా కూడా తప్పకుండా వచ్చింది.

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. జేబులోంచి గుత్తి తీసి, బావ చేతిలో పెట్టి రెండు చేతులతో ఆ చేతిని మూశాడు. బావ అలవాటుగా గుత్తిని ఒకసారి తూచి చూసుకుని నడుముకి తగిలించుకున్నాడు.

పెద్దావిడ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. "ఆయన దీన్ని రేకుడబ్బాలో పెట్టుకునేవారు" అంది, మాతో కాదు, అద్దంతో. "చూపించమంటే మూత తీసి, నేను ఇలా వంగేలోపు ఠక్కున మూసేసేవారు. 'చాల్లే, చాల్లే' అనేవారు. నలభై ఏళ్ళు. ఒకసారి ఉక్రోషమొచ్చి, పెళ్ళాం చూస్తే అరిగిపోతుందా అని గొడవపడ్డాను. పలకలేదు మనిషి."

మా ఆవిడ మెల్లగా అంది, "అరిగిపోతుందనే అనుకుని ఉంటారండీ. వెలుగు తగిలితే రంగు తగ్గడం ఎప్పుడో చూసి ఉంటారు. మళ్ళీ తెప్పించొచ్చని ఆయనకి తెలిసుండదు."

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

దానికి మా ఆవిడ దగ్గర పంజరం లేదు. బావే గొంతు సవరించుకుని, "చెబితే మీరు ఇంకెప్పుడూ చూపించమని అడగరు కదండీ" అన్నాడు.

పెద్దావిడ అద్దం దగ్గర్నించి అతనివైపు తిరిగింది. "నిన్ను నానా మాటలన్నాను నాయనా" అంది. "బియ్యం బస్తా అన్నానా? అన్నాను." తరవాత రెండు చేతులూ చాపింది. "ఇలా ఇవ్వు. వెలుగులో చూస్తాను."

"పోతుందండీ" అన్నాడు అధికారి, కంగారుగా.

"పోనీండి. మొత్తం పోయేదాకా చూస్తాను. ఆయన ఒక్కసారీ తనివితీరా చూడనివ్వలేదు."

వరండాలో బల్లమీద ఎండ పడేచోట కూర్చుంది. రాయిని ఒళ్ళో పెట్టుకుని, కర్రని పక్కన ఆనించింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ముందు అంచులు పలచబడ్డాయి. తరవాత ఎండవైపు ముఖం తెల్లబడింది. నీడవైపు రంగు కాస్త మొండికేసింది. ఆవిడ రాయిని మెల్లగా తిప్పి ఆ వైపు కూడా ఎండకిచ్చింది. అధికారి బావ చెవిలో "రిజిస్టరులో ఇప్పుడు ఏ రంగని రాస్తారండీ?" అని గొణిగాడు. "ఆగండి, ఇంకా అవలేదు" అన్నాడు బావ, రాయిమీంచి చూపు తిప్పకుండా. నాకు నోటిదాకా నాలుగు జోకులొచ్చాయి. మా ఆవిడ చెయ్యి నా మోచేతిమీద ఉంది. నాలుగూ మింగేశాను.

చివరి ఊదా కూడా పోయింది. పెద్దావిడ ఒళ్ళో బూడిదగడ్డ. దాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకునేటంత తడి లేదు. మొహం మాత్రం తేటపడింది.

రాయిని బావకి అందించి, "ఇంకోసారి వెలిగించు నాయనా" అంది. "నాకేం తొందర లేదు."